గీతల బిస్కెట్టు: ఇంటి తయారీ

ఇరవై మూడో రోజు

బండి రావడం మానేసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. పది రోజులకొకసారి పట్టాల మీద మనిషి లేకుండా వచ్చి, సరుకు దించి, మనిషి లేకుండానే వెళ్ళిపోయే బండి అది. మొదటిసారి తప్పినప్పుడు చవుడుదిన్నె జనం తిట్టారు. రెండోసారి తప్పినప్పుడు నోరు మూసుకున్నారు. తొమ్మిదిమంది దాన్ని వెతుక్కుంటూ పట్టాల వెంట ఉత్తరంగా నడిచి వెళ్ళి పన్నెండు రోజులైంది. వాళ్ళూ రాలేదు.

నేనిది వాళ్ళ కోసం రాయడం లేదు. రేపెప్పుడో ఎవరో వచ్చి ఇక్కడేం జరిగిందని అడిగితే, గిడ్డంగి చూసే మాలకొండయ్య చెప్పేదొక్కటే చరిత్ర కాకూడదని రాస్తున్నాను. చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు, రోజు వేసి రాయడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. అతనికి సంతకం పెట్టడమే కష్టం.

పొద్దున పెంచలమ్మ వచ్చింది. పక్కిల్లు. ఉప్పు మళ్ళలో నిలబడి నిలబడి అరికాళ్ళు తెల్లబడిన మనిషి. చంకలో ఆరేళ్ళ మనవరాలు అలివేలు. ఆరేళ్ళ పిల్లను చంకన మోయడమేమిటని అడగబోయి, పిల్ల కాళ్ళు చూసి ఊరుకున్నాను. దాని తల్లీ తండ్రీ ఆ తొమ్మిదిమందిలో ఉన్నారు.

"అయ్యవారా, పిల్లలకి బండిలో వచ్చే ఆ గీతల బిస్కెట్టు కనిపెట్టింది నువ్వేనంట గదా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఈ ఊరికి వచ్చిన ఎనిమిదేళ్ళ నుంచీ చెప్తానే ఉండావు. మా కోళ్ళకి గూడా తెలుసు."

"అయితే?"

"అయితే చేసిపెట్టు. మేం జొన్న సంకటో, చేపలో ఏదో ఒకటి తింటుండాం. ఇది తినలేదు గదా."

తినలేదు. పదకొండేళ్ళ కిందట, కల్తీ పిండీ కల్తీ నూనే తిని ఊళ్ళకు ఊళ్ళు పోయిన ఏడాది తరవాత, పుట్టిన ప్రతి బిడ్డకూ నాలుక టీకా వేశారు. టీకా పడ్డ నాలుక కంపెనీ సరుకును మాత్రమే తిండిగా గుర్తిస్తుంది. కంపెనీ పిండిలో 'ముద్ర' ఉంటుంది, కంటికి కనిపించనిది. ముద్ర లేని ముద్ద ఏదైనా సరే, తల్లి పాలు మానిన బిడ్డ కక్కేస్తుంది. పిల్లలకు ఇక కల్తీ భయం లేదని పండగ చేసుకున్నారు అప్పట్లో. బండి రాకపోతే ఏమిటని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. కానీ నన్నెవరూ సలహా అడగలేదు, అది వేరే సంగతి.

మా దిన్నెలో టీకా పడ్డ పిల్లలు పన్నెండుమంది. తాటిబెల్లం నీళ్ళు మాత్రం వాళ్ళ కడుపులో నిలుస్తున్నాయి.

"చేస్తాను" అన్నాను.

అలివేలు నా బల్ల మీదున్న పుస్తకాలను చూస్తోంది. "తాతా, ఇయ్యన్నీ చదివినావా?"

"చదివాను."

"వాట్లో బిస్కెట్లు ఎట్ట చెయ్యాలో ఉండాదా?"

లేదు. ఆ రెండు ట్రంకు పెట్టెల్లో మనుషులు ఒకరినొకరు ఎలా చంపుకున్నారో ఉంది.

ఇరవై నాలుగో రోజు

గిడ్డంగికి వెళ్ళాను. గిడ్డంగి తాళాలు మాలకొండయ్య దగ్గరుంటాయి. కాలం అలాంటి వాళ్ళకే తాళాలిస్తుంది.

మిగిలింది ముప్పై ఒక్క పొట్లం. పొట్లానికి పది బిస్కెట్లు. రోజుకు పిల్లకు రెండు చొప్పున పంచుతున్నాడు. పదమూడు రోజులు.

"గోధుమ పిండి మూడు బస్తాలుండాది" అన్నాడతను. "ముద్ర లేని ఉత్త పిండి. పట్టకపోండి. మీకు తప్ప ఇంకెవరికి పనికొస్తాది."

ఆ గొంతులోని వినయం నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట కంపెనీ ఫ్యాక్టరీలో అతను పిండి కలిపే తొట్టి దగ్గర మేస్త్రీ. నేను ప్రయోగశాల అధికారిని. గీతల బిస్కెట్టు పాళ్ళు నావి. ఏడు గీతలు నావి. తొట్టిలోని తెడ్డుతో పిండి నాకి రుచి చూసి, అదే తెడ్డు మళ్ళీ తొట్టిలో పెట్టే దిక్కుమాలిన అలవాటు అతనిది. నేను పై వాళ్ళకు కాగితం రాశాను. అతన్ని నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ నెలలోనే అతని తొట్టిలోని పిండిలో ముద్రను పుట్టించే సూక్ష్మజీవి దొరికిందని కంపెనీ ప్రకటించింది. టీకా ఇంకా రాలేదు, అప్పటికి అది అసలు సరుకుకు గుర్తు మాత్రమే. మనిషిని వెనక్కి పిలిచారు, దండ వేశారు, ఫోటో గోడకు తగిలించారు. ఆ ఫోటో కిందుగా నేను పదేళ్ళు నడిచాను.

ఆ సూక్ష్మజీవి ఏదో సీసాలో బయటి నుంచి వచ్చిందని నా నమ్మకం. మేస్త్రీని చూపిస్తే జనం నమ్ముతారని అతని మెడలో దండ వేశారు. ఈ మాట అప్పుడు ఎవరూ వినలేదు. ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇరవై ఆరో రోజు

తయారీ. ఎవరికైనా పనికి వస్తుందేమోనని పూర్తిగా రాస్తున్నాను.

పొంగుడు పొడి: ఇక్కడి నేల మీద వేసవిలో చవుడు బూజులా తెల్లగా పైకి తేలుతుంది. ఒకప్పుడు చాకళ్ళు బట్టలు ఉతకడానికి గీకి తీసుకుపోయిన మన్ను. పెంచలమ్మ, నేను రెండు గంపలు గీకాం. నీళ్ళలో కలిపి, ఒక రాత్రి తేరనిచ్చి, పై తేట వంచి కాగబెడితే అడుగున గచ్చులా దిగుతుంది. అది ఘాటు. నాలుక మీద వేస్తే పొక్కుతుంది. దాన్ని పలచటి గుడ్డలో పరిచి, పులుస్తున్న కల్లు కుండ మూతికి వాసెన కట్టినట్టు కట్టాలి. కల్లులోంచి వచ్చే గాలి తగిలి రెండు రోజుల్లో ఘాటు చస్తుంది. ఇంకోపక్క చింతపండు పులుసు తీసి, వడగట్టి, పళ్ళేల్లో ఎండబెట్టి, బియ్యప్పిండితో నూరాలి. రెండూ కలిపి వేడినీళ్ళలో చిటికెడు వేస్తే బుసబుసమనాలి.

బుసబుసమంది. పెంచలమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మో, కల్లుకుండ మూతికి గుడ్డ కట్టింది ఇందుకా. నేనింకా నువ్వు చాటుగా తాగేదానికి అనుకున్నా."

పాలపొడికి మేకపాలు దగ్గరగా మరగబెట్టి పళ్ళెంలో ఎండబెట్టాను. చక్కెరకు బదులు తాటిబెల్లం. వెన్న, మేకదే. పొయ్యికి బాణలిలో ఇసుక పోసి, దాని మీద మట్టి మూకుడు బోర్లించాను. ఏడు గీతలకు కొత్త దువ్వెన పళ్ళు అద్దాను. నాకు డెబ్భై ఆరేళ్ళు. ఇంత బాగా ఎప్పుడూ పని చేయలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

మొదటి వాయి. రంగు, కరకర, గీతలు, వాసన అన్నీ కుదిరాయి. నేను తిన్నాను. కంపెనీ బిస్కెట్టు కన్నా బాగుంది. అది దాస్తే అబద్ధమవుతుంది.

అలివేలు చేతిలోకి తీసుకుని గీతలు లెక్కపెట్టింది. ఏడు. నా మొహం చూసి నవ్వి, కొరికింది. నమిలింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. మింగాలని చూసింది, నా కోసమే చూసింది అనుకుంటాను. అంతా పెంచలమ్మ కొంగులో కక్కేసింది. పొద్దున తిన్న కంపెనీ బిస్కెట్టు కూడా దాంతోపాటు పోయింది.

"బాగుండాది తాతా" అంది మూతి తుడుచుకుని. "నా నోరే బాలేదు."

ముప్ఫయ్యో రోజు

మధ్యాహ్నం మాలకొండయ్య వచ్చాడు. నేను కూర్చోమనలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"అయ్యవారూ, మీ పొడి బాగా కుదిరిందంట."

"ఏం కావాలి?"

"ఏం వద్దు. ఒక మాట చెప్పి పోతా. ముద్ర రసాయనం గాదు. జీవం. అది నా తొట్టిలోకి యాడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. నా నోట్లోంచి. నేను తెడ్డు నాకి పెట్టేవాణ్ణి గదా, మీరు కాగితం రాసింది గూడా దానికే గదా. ఆ తర్వాత వాళ్ళు దాన్ని బిస్కెట్టు మీద చల్లే చక్కెర పొడిలో బతికుండంగానే కలిపినారు, కడుపుకి మంచిదని. పన్నెండేళ్ళు తిన్నాం మనందరం. టీకా పడ్డ నోట్లో అది బతకదు. మన ముసిలి నోళ్ళలో కాపరం పెట్టి ఉంటాది."

"ఉంటే?"

"ఒక ముద్ద నమిలి పిండిలో ఉమ్మండి. ఒక పగలూ ఒక రాత్రీ మూతేసి పెట్టండి. తర్వాత కాల్చండి. అది చచ్చినా దాని ముద్ర పిండిలో నిలుస్తాది."

నేను నవ్వాను. "ముప్పై ఏళ్ళ కిందట నిన్ను ఏ పనికి ఇంటికి పంపించానో, ఇవాళ అదే పని నా చేత చేయించాలని వచ్చావు."

"దానికి గాదు."

"జీవమే అయితే మీరే చేసుకోండి. జొన్నపిండి ఉంది, నోళ్ళున్నాయి."

"పెంచలమ్మ చేసి చూసింది. పిండి పులిసిపోయింది, పాప కక్కేసింది. పులుపులో అది చస్తాది అయ్యవారూ. ఫ్యాక్టరీలో పొంగుడు పొడి వేసినాకనే కుదిరింది. మీ పొడి కావాల. మీ పొడి, మా ఎంగిలి. రెండూ కలిస్తేనే."

"అంటే చేసి చూశారు, కుదరలేదు. దాన్ని పరీక్ష అంటారు. తేలిపోయింది."

లేచేటప్పుడు మోకాళ్ళు పట్టుకున్నాడు. "మీరు దీన్ని సైన్సంటారు. సగం మీ నాయనమ్మ మడి అయ్యవారూ. పిల్లలకు ఏడు రోజులే ఉండాది."

నాకు మడి లేదు. నేను చెప్పేది శుభ్రత. ఎంగిలిలో ఎన్ని రోగాలుంటాయో అతనికి తెలియదు, నాకు తెలుసు. నీరసించిన పిల్లలకు పదిమంది ముసలివాళ్ళ ఉమ్మి పెట్టాలట.

ముప్ఫై ఒకటో రోజు

నా దారి ఇది. పిల్లలు తిని పారేసిన పొట్లాల కాగితాలు సేకరించాను. లోపల అంటుకున్న పొడిని కల్లు కాచి తీసిన సారాతో కడిగాను. ముద్ర రసాయనమైతే సారాలోకి దిగాలి. సారాను ఆవిరి చేస్తే అడుగున పసుపుపచ్చ జిడ్డు మిగిలింది. అది పిండిలో కలిపాను.

జిడ్డు గోరంత. వాయి కాలాలి, పిల్ల కడుపులో నిలవాలి. రేపు.

ముప్ఫై రెండో రోజు

నిలవలేదు. జిడ్డు చాలలేదేమో. కాగితాలు ఇంకా కావాలి.

ముప్ఫై మూడో రోజు

ఇవాళ జరిగింది కోపంతోనే రాస్తున్నాను.

రెండోసారి తీసిన జిడ్డుతో, ఉన్న పొంగుడు పొడిలో సగం వేసి, పెద్ద వాయికి పిండి కలిపి మూత పెట్టాను. నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి పెంచలమ్మ నా గిన్నె ముందు వంగి ఉంది. నోరు కదులుతోంది. నేను చూస్తుండగానే నమిలింది పిండిలో ఉమ్మి, వేలితో కలుపుతోంది.

"ఏం చేస్తున్నావు?"

ఉలిక్కిపడలేదు. "మాలకొండన్న చెప్పినట్టు చేస్తుండా."

"నా గిన్నెలోనా?"

"నీ పొడి కావాలంట. అడిగితే ఇయ్యవు."

నేను గిన్నె లాక్కున్నాను. ఆమె వదల్లేదు. డెబ్భై దాటిన ఇద్దరం ఒక గిన్నె కోసం లాగులాడుకున్నాం.

"ఒక్క పూట ఉండనీ సామీ. నీది నీకు వేరే చేసుకో. దీన్ని మూతేసి ఒక్క పూట ఉండనీ. ఎంగిలి పండ్లు దేవుడే తిన్నాడు గదా, నా మనవరాలు తినకూడదా."

"ఇది పూజ కాదు. నాలుగు రోజుల పని చెడగొట్టావు."

పెరట్లో బూడిద కుప్ప మీద పారబోశాను. గిన్నె మూడుసార్లు తోమాను. ఆమె పెరటి గోడ దగ్గర నిలబడి అదంతా చూసింది. "మిగిలిన పొడి ఒక గరిటెడు ఇయ్యి" అంది కాసేపటికి. మిగిలింది ఒక్క వాయికి సరిపోతుంది, కొత్తది తీయాలంటే నాలుగు రోజులు పడుతుంది, ఇవ్వలేనని చెప్పాను. పెట్టెలో పెట్టి తాళం వేశాను.

ముప్ఫై నాలుగో రోజు

పొద్దున పెరట్లో అలికిడి. వెనక వరసలో ఉండే ఏడేళ్ళ పిల్ల, పన్నెండుమందిలో ఒకతె, బూడిద కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే పొంగి గట్టిపడిన పిండిని గీకి గీకి తింటోంది. మూతి, గడ్డం, చేతులు బూడిద. కర్ర తీసుకుని అదిలించాను. రెండు చేతులా పిండి పట్టుకుని పరిగెత్తింది.

బూడిద గొంతు కాలుస్తుందని భయపడి వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. వాంతి చేసుకోలేదట. ఆకలికి మన్ను తిన్న పిల్లలను కరువు కాలాల్లో చూసినట్టు చదివాను. అదీ ఇలాంటిదే.

ముప్ఫై అయిదో రోజు

మిగిలిన పొడి వాడేశాను. నిలవలేదు. మళ్ళీ చవుడు గీకడానికి ఒక్కణ్ణే వెళ్ళాను.

ముప్ఫై ఆరో రోజు

అలివేలును చూడటానికి వెళ్ళాను. పెంచలమ్మ తలుపు తీసి పక్కకు జరిగింది.

పిల్ల కంపెనీ బిస్కెట్టు కూడా కక్కేస్తోంది ఇప్పుడు. బెల్లం నీళ్ళు చెమ్చాతో పోస్తే పెదవి పక్క నుంచి కారిపోతున్నాయి. జ్వరం. చేతి మీద చర్మం పట్టి వదిలితే, పట్టినట్టే ఉండిపోయింది.

"తాతా."

"ఊఁ."

"మా అమ్మ బండెక్కి వస్తాదా, నడిచి వస్తాదా?"

"బండెక్కి."

"నడిచి రాలేదు గదా. కాళ్ళు నొప్పులు." కాస్సేపు ఊపిరి తీసుకుంది. "బిస్కెట్టు చేస్తుండావా?"

"చేస్తున్నాను. ఈసారి కుదురుతుంది."

"గీతలు ఏడు పెట్టు. మర్చిపోవద్దు."

బయటకు వస్తుంటే పెంచలమ్మ అంది: "ఇంకా ఎన్ని రోజులు సామీ?"

"పొడి మెత్తబడటానికి రెండు రోజులు."

"అప్పుడు దాంట్లో నన్ను ఉమ్మనిస్తావా?"

ఆలోచిస్తానన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే ఆలోచిస్తున్నాను. మాలకొండయ్య ముందు ఆ పని చేయాల్సి వస్తుందనే ఆలోచిస్తున్నాను. పిల్ల గురించి కాదు. రాసింది కొట్టెయ్యను.

ముప్ఫై ఏడో రోజు

ఆఖరి పొట్లం పంచారు. పంచేటప్పుడు ఎవరూ ఎవరి వంకా చూడలేదు. కల్లుకుండ మీది పొడి గుడ్డ విప్పి చూశాను. ఘాటు ఇంకా ఉంది. వేళ్ళ చివర పొక్కాయి.

ముప్ఫై ఎనిమిదో రోజు

తెల్లవారాక పోయింది. పెంచలమ్మ నన్ను పిలవలేదు. ఏడుపు విని వెళ్ళాను.

ఉప్పు మళ్ళకు ఎగువన, చవుడు పట్టని చోటు వెతికి పూడ్చిపెట్టారు. గొయ్యి తవ్వింది మాలకొండయ్య. అతనికి డెబ్భై నాలుగు. మధ్యలో రెండుసార్లు గొయ్యిలోనే కూర్చున్నాడు. పారలు పట్టుకుని ముగ్గురు నలుగురు ముందుకు వచ్చారు, దిగనివ్వలేదు.

తల్లీ తండ్రీ రాలేదు. ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటి నుంచీ చదివాను. మాలకొండయ్య మీద ఎంత రాశానో చూసుకుందామనే చదివాను, వేరే పని లేక. ముప్ఫై నాలుగో రోజు దగ్గర ఆగాను.

వాంతి చేసుకోలేదట.

ముద్ర లేనిది కడుపులో నిలవదని ఇరవై మూడో రోజు నేనే రాశాను. మూడు వాయిలు నిలవలేదని నేనే రాశాను. ఒక్కటి నిలిచింది. అందులో సారాతో తీసిన జిడ్డు ఉంది, పొడి ఉంది. ముప్ఫై రెండో రోజు వాయిలోనూ అవే ఉన్నాయి. పెంచలమ్మ నోరు మాత్రమే కొత్త. ప్రయోగశాలలో చేరిన మొదటి వారంలో కుర్రవాళ్ళకు నేను నేర్పే పాఠం: మిగతావన్నీ అవే అయితే, మారినదే కారణం. ముప్పై ఏళ్ళు చెప్పాను ఆ పాఠం. నా చేత్తో నేను రాసిన ఫలితాన్ని కరువు కథగా చదివి పక్కన పెట్టాను.

ఆ ముప్ఫై నాలుగో రోజుకు అలివేలు ఇంకా చెమ్చాతో నీళ్ళు తాగుతోంది. నాలుగు రోజులు.

ముప్ఫై తొమ్మిదో రోజు

పొడి మెత్తబడింది. గోధుమపిండిలో వేసి కలిపాను. నిన్నటి జొన్నరొట్టె ముక్క నోట్లో వేసుకుని, వంద లెక్కపెడుతూ నమిలి, గిన్నెలో ఉమ్మాను. తలుపు వేసుకోలేదు. ఎవరైనా చూడాలనే ఉంది. ఎవరూ చూడలేదు. వేలితో కలిపాను. మూత పెట్టాను.

నలభై ఒకటో రోజు

కాల్చాను. ఆకారం బాగా రాలేదు. గీతలు పెట్టలేదు, చెయ్యి రాలేదు.

పదకొండుమంది తిన్నారు. ఒక్కరూ కక్కలేదు. బూడిద తిన్న పిల్ల నాలుగు తిని అయిదోదానికి చెయ్యి చాపింది. తల్లులు ఏడ్చారు. ఒకాయన నా కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యవారు గాబట్టి సాధించినాడు" అన్నారు. "చదువుకున్న చదువు యాడికి పోతాది" అన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను వినాలనుకున్న మాటలన్నీ వరసగా అన్నారు. మాలకొండయ్య గిడ్డంగి అరుగు మీద కూర్చుని వింటున్నాడు.

పెంచలమ్మ ఒక బిస్కెట్టు తీసుకుని వాసన చూసింది. కొరికింది. నెమ్మదిగా నమిలింది.

"ఆ పొద్దు బూడిదలో పారబోసిందీ ఇదేనా?" అంది.

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. అప్పటికి రుజువు లేదు, పాళ్ళు వేరు, జొన్నపిండిలో కుదరలేదు. అన్నీ కొంత కొంత నిజాలే.

"ఇదే" అన్నాను.

"ఆ పొద్దుకి దానికి నమిలే శక్తి ఉండింది."

"ఉంది."

"సరే" అంది. ఆ తరవాత, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు: "నీ పెట్టె తాళం పగలగొట్టుండాల్సింది నేను."

అప్పుడు చెప్పాను అందరికీ. ఈ దారి మాలకొండయ్య చూపించాడని, ముప్ఫయ్యో రోజునే చెప్పాడని, నేను చేయలేదని. పెంచలమ్మ చేస్తే పారేశానని. కాళ్ళ మీద పడ్డ ఆయన దూరంగా జరిగాడు. మాలకొండయ్య లేచి గిడ్డంగిలోకి వెళ్ళిపోయాడు. నేను చెప్పినందుకు సంతోషించినట్టు లేడు. ఎందుకు సంతోషించాలి.

నలభై ఏడో రోజు

పని ఇప్పుడు పెంచలమ్మ చేతిలో ఉంది. పొడి నేను చేసి పంపిస్తాను. పిండి ఆమె కలుపుతుంది. గోధుమలు అయిపోయాక జొన్నలో కుదురుతుందా లేదా చూడాలి. పొంగుడు పొడి కొంచెం పెంచితే కుదరొచ్చు. మూడు రోజులుగా చూస్తున్నాను.

ఎవరి నోరు వేస్తే పిండి ఎలా వస్తోందో వేరువేరు ముంతల్లో పెట్టి చూశారు. మాలకొండయ్య చెప్పి చేయించాడు. అతనిది బాగానే వచ్చింది. పెంచలమ్మది కొంచెం నెమ్మది. నా నోటితో కలిపిన పిండి ఒక్క పూటలో తయారైంది. చిన్న పిల్లలు దాన్నే అడుగుతున్నారు. ముప్పై ఏళ్ళు రోజుకు పాతిక బిస్కెట్లు కొరికి చూడటం నా ఉద్యోగం. ముద్ర అందరి నోళ్ళకంటే నా నోట్లోనే ఎక్కువగా ఇల్లు కట్టుకుంది. అవసరం ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంది.

మాలకొండయ్య మాట నాకు పెంచలమ్మ ద్వారానే తెలిసింది: "మొదట అయ్యవారి నోరు. తర్వాతే మిగతావి."

అందుకని ప్రతి పొద్దునా ఆమె ముందుగా నా గుమ్మంలోకే వస్తుంది. కుండ ఒక చేత్తో పట్టుకుంటుంది, రొట్టె ముక్క ఒక చేత్తో ఇస్తుంది. నేను వంద లెక్కపెడుతూ నమలాలి. అంతసేపూ ఆమె నిలబడాలి. నా మొహం చూడదు. నా వెనక గోడ చూస్తుంది. ఎనభై దగ్గర దవడ నొప్పి పుడుతుంది, ఆపితే ఆమెకు తెలుస్తుంది.

"ఇంకా నమలు" అంటుంది.

నములుతాను. కుండ చాపుతుంది. వేస్తాను. మూత పెట్టుకుని, తరవాతి ఇంటికి వెళుతుంది.